నడి గోదారి నీళ్లు

కార్తీక పౌర్ణమి లోపల చేయాల్సిన పనులు:

రేవు మెట్ల మీద పాకుడు గీకించాలి.
ఆడవాళ్లు తడి చీరలు మార్చుకోవడానికి తడకలతో గదులు కట్టించాలి.
లైట్ల కోసం కరెంటు ఆఫీసుకు మళ్లీ ఫోన్ చేయాలి.
చెత్త ట్రాలీ టైరుకు పంక్చర్ వేయించాలి.
వాగు నోటి దగ్గర బ్లీచింగ్ చల్లించాలి.
అరటి దొప్పలు, కొబ్బరి చిప్పలు ఏరడానికి జంపక్కకు తోడు ఇంకో మనిషిని చూడాలి.
బందోబస్తు కోసం పోలీస్ స్టేషన్‌లో లెటర్ ఇవ్వాలి.
రేవు నీళ్లు సీసాలో పట్టి ఖమ్మం ల్యాబ్‌కు పంపాలి. ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి.

ఇవి పండుగ పనులు మాత్రమే. నర్సరీ మొక్కలు, ఇంటి పన్నులు, పింఛన్ల గొడవలు, కుక్కల మీద ఫిర్యాదులు ఎప్పుడూ ఉండేవే. గ్రామ పంచాయతీ కార్యదర్శి అంటే ఏం పని చేస్తారని మా నాన్న అడిగినప్పుడు, ఎవరిదీ కాని పని అంతా నాదే అని చెప్పాను. ఇల్లందు దగ్గర బొగ్గుబాయిలో దిగి ఎక్కి మోకాళ్లు అరిగిపోయిన మనిషి ఆయన. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. "నీడ పట్టున కూసునే పని గద బిడ్డా, గదే సాలు" అన్నాడు. కూర్చునే పని కాదని నేను చెప్పలేదు.

ఇప్పలరేవు భద్రాచలానికి ఎగువన గోదారి ఒడ్డున ఉంది. ఊరి వెనక నుంచే అడవి మొదలవుతుంది. మగవాళ్లలో సగం మంది సారపాక మిల్లులో కాంట్రాక్టు పనికి పొద్దున్నే ఆటోలు ఎక్కి పోతారు. మిగతావాళ్లకు మిరప చేలు, చేపలు, శివాలయం దగ్గర చిన్న దుకాణాలు. భద్రాచలం వచ్చిన యాత్రికులు కార్తీకంలో ఇక్కడికీ వస్తారు. ఇక్కడ రేవు వెడల్పు, మెట్లు నున్నన, తోపులాట తక్కువ. ఆ మెట్లు వెంకటరామారావు గారు వాళ్లమ్మ పున్నమ్మ గారి పేరు మీద కట్టించారు. పై మెట్టు పక్కన నల్లరాయి మీద ఆమె పేరు చెక్కి ఉంటుంది. వాళ్ల నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ మిర్చి వేసి నిలదొక్కుకున్నాడు. ఇప్పుడు ఈయన గుడి కమిటీకి పెద్ద, ఊళ్లో ఉన్న ఒక్క లాడ్జికి ఓనరు.

మెట్లకు ఎగువన, నాలుగడుగుల దూరంలోనే, పిల్లవాగు గోదారిలో కలుస్తుంది. మెట్లు కట్టిన రోజుల్లో అది అడవి నుంచి వచ్చే వానవాగు. తర్వాత ఇంటింటికీ మరుగుదొడ్లు వచ్చాయి. గుంతలు నిండాయి. నిండిన గుంతలకు గొట్టాలు పెట్టి వాగులోకి వదిలారు. ఒకరిని చూసి ఒకరు. నేను కిరాయికి ఉంటున్న ఇంటి గొట్టం కూడా అందులోకే పోతుందని ఊరికి వచ్చిన కొన్నాళ్లకు తెలిసింది. ఇప్పుడు ఆ వాగు ఎండాకాలంలో కూడా ఎండదు.

ఈ కథ నాంచారమ్మది. ఆమె పని గురించి ముందు చెప్పాలి.

కార్తీక మాసం అంతా తెల్లవారకముందే ఆడవాళ్లు రేవుకు వస్తారు. ముసలివాళ్లు ఎక్కువ. పాకుడు పట్టిన మెట్ల మీద కాలు నిలవదు. అందుకని నాంచారమ్మ అందరికంటే ముందే నీళ్లలోకి దిగి, నడుము లోతులో నిలబడి, ఒక్కొక్కరికీ చెయ్యి అందిస్తుంది. పట్టుకున్న మనిషి మూడు మునకలు వేసి, మళ్లీ పొడి మెట్టు మీద కాలు మోపేదాకా ఆ చెయ్యి వదలదు. అది జీతం పని కాదు. ఆమె అత్త చేసింది, అత్త పోయాక ఆమెకు వచ్చింది. స్నానం చేసినవాళ్లు బొట్టు పెట్టి అరటిపండు ఇస్తారు, ఎప్పుడన్నా జాకెట్ ముక్క పెడతారు. ఎండ ముదిరేదాకా ఆమె నీళ్లలోనే ఉంటుంది.

నోరు మాత్రం ఊరుకోదు. చలికి వణుకుతూ వేళ్ల కొసలతో పట్టుకున్న ఒక ముసలామెతో, "గట్టిగ పట్టవే. నీ మొగని చెయ్యన్న ఎన్నడన్న గట్టిగ పట్టినవా లేదా?" అంటే రేవంతా నవ్వింది. నవ్విన ఊపులో ఆ ముసలామె భయం మరిచి మునిగేసింది.

దసరా దాటిన కొన్ని రోజులకే నాంచారమ్మ కాలి వేళ్ల సందున చిన్న పుండు లేచింది. ఆమెకు షుగరు ఉంది. సబ్ సెంటర్ సిస్టర్ మందు రాసి, కాలు తడపొద్దని చెప్పిందట. గోదారి నీళ్లకంటే మంచి మందు ఏముందని ఈమె వాదించిందట. ఆ వాదన నా దగ్గరికి వచ్చింది. ఆఫీసు మెట్ల మీద కూర్చుని కాలు చాపి చూపించి, రేవు నీళ్లు మంచిగున్నాయా లేవా, చదువుకున్నదానివి నువ్వు చెప్పు అని అడిగింది. నేను ఫైలు తీసి చూశాను. నాకంటే ముందు పంపిన శాంపిళ్లన్నిటికీ స్నానానికి పనికొస్తాయనే వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సిస్టర్ కూడా ఆ రిపోర్టు మాట విని, సరే, ఇంటికి పోయాక తుడుచుకుని మందు రాయమంది.

నీళ్లు పట్టే పని జాబితాలో అన్నిటికంటే తేలిక అనుకున్నాను. ఇంతకుముందు ఖమ్మం నుంచి సీసా వస్తే జంపక్క తీసుకుపోయి గంగయ్య తాతకు ఇచ్చేది. పంచాయతీలో ఊడ్చే పని జంపక్కది. గంగయ్య నాంచారమ్మ భర్త, రేవులో పడవ నడుపుతాడు. ఆయన నింపి తెచ్చి ఇస్తే, సీల్ వేసి బస్సులో పంపేవాళ్లు. ఈసారి మాత్రం కార్యదర్శి స్వయంగా సీసా పట్టుకుని ఉన్న ఫోటో కావాలని యాప్‌లో కొత్తగా పెట్టారు. కాబట్టి నేను వెళ్లాల్సి వచ్చింది.

గంగయ్య నన్ను చూసి పడవ లాగాడు. నేను మెట్ల మీదే నిలబడితే, రమ్మని చెయ్యి ఊపాడు. ఫోటో పడవలో బాగా వస్తుందని కాబోలు అనుకుని ఎక్కాను. గడ వేసుకుంటూ ఒడ్డు వదిలి చాలా దూరం తీసుకుపోయాడు. నడి గోదారిలో నీళ్ల రంగు మారింది. అక్కడ పడవ నిలిపి, ముందు ఒక దోసెడు తీసి కళ్లకు అద్దుకుని నదిలోనే వదిలాడు. తర్వాత నా చేతిలోని సీసా తీసుకుని వంగి, బుడగలు పోయేదాకా నిదానంగా నింపాడు. చాలా శ్రద్ధగా చేశాడు. మా ల్యాబ్ వాళ్లు చూస్తే మెచ్చుకునేవాళ్లు.

ఎప్పుడూ ఇక్కడే పడతావా అని అడిగాను. అవ్, ఇంకేడ పడతరు అన్నాడు. జనం మునిగేది మెట్ల దగ్గర కదా తాతా, నీళ్లు అక్కడివే పట్టాలి అన్నాను. ఆయన నా వైపు, ఈ పిల్లకు ఇంట్లో ఏమీ నేర్పలేదా అన్నట్టు చూశాడు.

"ఇంటికి చుట్టమొస్తే కుండ అడుగు నీళ్లు ముంచిస్తమా బిడ్డా? చెంబులల్ల ఊర్లకు తీస్కపోయెటోళ్లకు గూడ నేను గీన్నుంచే తెచ్చిస్త. సర్కారుకు తక్కువ జేస్తనా?"

ఫైల్లో ఉన్న రిపోర్టులన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. వాటిలో ఒక్క అబద్ధం లేదు. అవన్నీ నడి గోదారి నీళ్లు.

మెట్ల దగ్గర దిగాక సీసా వంచి ఆ నీళ్లు పారబోశాను. నా దగ్గర ఉన్నది ఆ ఒక్క సీసానే. సంచిలో శుభ్రం చేసిన ఖాళీ సీసా ఇంకోటి ఉంటే ఆయన ముందు ఆ పని చేసేదాన్ని కాదు. "పారబోస్తివా" అన్నాడు, అంతే. ఒకసారి నింపిన సీసా మళ్లీ పనికిరాదని అప్పుడు గుర్తొచ్చి, మర్నాటికి ఇంకోటి తెప్పించుకుని, పొద్దున స్నానాలు జరుగుతుండగానే మోకాలి లోతులో దిగి పట్టాను. నాంచారమ్మ నా చెయ్యి పట్టుకుంది, జారకుండా. నీళ్లు సీసాలో నిలిచాక పసుపుగా, అడుగున సన్నటి నలకలతో కనిపించాయి. ఒడ్డు మీద నుంచి గంగయ్య చూస్తూ, "ఊరి ఇజ్జత్ సీసల వెట్టి పంపుతున్నవ్" అన్నాడు. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశాడు.

సీసాను ఐస్ డబ్బాలో పెట్టుకుని నేనే ఖమ్మం బస్సెక్కాను. పక్కన కూర్చున్నామె ఏం చేపలని అడిగింది. నీళ్లని చెప్పాను. "నీళ్లకు ఐసా?" అని కిటికీ వైపు తిరిగిపోయింది. కొత్తగూడెం దాకా ఒళ్లో ఆ డబ్బా చల్లగా ఉంది, తర్వాత మోకాళ్లు మొద్దుబారాయి. ల్యాబ్‌లో సీసా ఇచ్చి, రసీదు తీసుకుని, పోలీస్ లెటర్ మీద సంతకం గుర్తొచ్చి, అదే దారిన వెనక్కి వచ్చాను.

రిపోర్టు రావడానికి టైం పడుతుంది. అప్పటిదాకా నీళ్లలోకి దిగొద్దని నాంచారమ్మకు చెప్పాను. అప్పటికి ఆమె కాలు వాచింది. గుడ్డ చుట్టి దాని మీద ప్లాస్టిక్ కవరు కట్టుకుని దిగుతోంది. కవరులోకి నీళ్లు వచ్చి చేరుతున్నాయి.

రిపోర్టు వచ్చిందా అని అడిగింది. రాలేదన్నాను.

"మల్ల? నేను దిగకుంటె గీ ముసల్దాండ్లు ఆగుతరా? ఆగరు. దిగుతరు, జారుతరు. గప్పుడు నీకు ఇంకో రిపోర్ట్ రాసుకునే పని."

జంపక్కతో పాకుడు మళ్లీ గీకించాను. రెండు రోజులకే మళ్లీ పట్టింది. వాగు నీళ్లకు అది బాగా పెరుగుతుందని జంపక్క అంది. ఆమె పొలంలో యూరియా వేసినట్టే ఉందట.

ట్రాలీ టైరు విప్పించి నిలబడి ఉన్నప్పుడు ల్యాబ్ అమ్మాయి ఫోన్ చేసింది. మేడం, ఇది నది నీళ్లేనా, డ్రైనేజీ శాంపిల్ ఏమైనా కలిసిపోయిందా అని అడిగింది. కలవలేదన్నాను. మనిషి మలంలో ఉండే క్రిములు ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉన్నాయని, తాగడం సంగతి అలా ఉంచి స్నానానికి కూడా పనికిరావని, పుండ్లు ఉన్నవాళ్లను అసలు దిగనివ్వొద్దని చెప్పింది. మండలంలో మా పై సారుకు ఫోన్ చేశాను. ఇన్నాళ్లూ రానిది నీ టైంలోనే ఎందుకొచ్చింది అని ఆయన అడిగాడు. కారణం చెప్పాను. పౌర్ణమి దగ్గర పెట్టుకుని రేవు మూయడం తన చేతిలో లేదని, ఊరి పెద్దలతో మాట్లాడి ఏదో ఒకటి చూసుకోమని పెట్టేశాడు.

వెంకటరామారావు గారి దగ్గరికి వెళ్లాను. లాడ్జి వరండాలో దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. ల్యాబ్ నుంచి నా ఫోన్‌కు వచ్చిన రిపోర్టు అంతా చదివారు. నేను కోపం చేస్తారనుకున్నాను. చేయలేదు.

"మా లాడ్జి గొట్టం కూడా ఆ వాగులోకే పోద్ది, నాకు తెలుసమ్మా. నువ్వుండే ఇంటిదీ పోద్ది. మరి ఎవరిదని ఆపుతావు?" అన్నారు. తర్వాత చాలాసేపు పున్నమ్మ గారి గురించి చెప్పారు. ఆమె ఇదే రేవులో బురదలో జారి తుంటి విరిగి మంచాన పడింది. ఆమె కోసమే ఆ మెట్లు. ఇప్పుడు ఆ మెట్ల మీద నుంచి జనాన్ని వెనక్కి పంపారన్న మాట రాకూడదు. పౌర్ణమి కానిచ్చి తర్వాత ఏదైనా చేద్దామన్నారు.

నేను పైగడ్డ సంగతి ఎత్తాను. వాగు కలిసే చోటుకు ఎగువన, ఊరి చివర గులకరాళ్ల ఒడ్డు ఉంది. అక్కడికి మురుగు రాదు. కానీ మెట్లు లేవు, అడుగున గుంతలున్నాయి. ఎక్కడ కాలు పెట్టొచ్చో గంగయ్యకు తప్ప ఎవరికీ సరిగ్గా తెలియదు. గంగయ్య ఒప్పుకుంటే చూద్దాంలే అన్నారు వెంకటరామారావు గారు. గంగయ్య నాతో మాట్లాడటం లేదని ఆయనకూ తెలుసు.

సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లాను. గంగయ్య వాకిట్లో వల బాగుచేస్తున్నాడు. నాంచారమ్మ గోడకు ఆనుకుని, కాలు పీట మీద పెట్టుకుని కూర్చుంది. వాకిట్లోకి అడుగు పెట్టగానే పుండు వాసన వచ్చింది. నన్ను చూసి చీర కుచ్చిళ్లు కాలి మీదికి లాక్కుంది. బొటనవేలు అప్పటికే నల్లబడింది. ఆమె చాయ్ పెట్టమని గంగయ్యకు సైగ చేసింది. ఆయన లేవలేదు.

రిపోర్టు ఏం చెప్పిందో ఇద్దరికీ చెప్పాను. పై సారు మాట, వెంకటరామారావు గారి మాట చెప్పాను. గంగయ్య వల మీద నుంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"నా నీళ్లు మంచియే అని వచ్చేటిది గద, గన్నేండ్లు?"

"నీ నీళ్లు మంచివే తాతా. అవి నడి గోదారివి. జనం దిగింది మెట్లకాడ. ఆ రిపోర్టు చూసే అందరం బాగున్నాయనుకున్నాం. సిస్టర్ కూడా అదే చూసింది."

ఆయన చెయ్యి వల మీద ఆగిపోయింది. నేను చెప్పింది ఆయనకు అర్థమయ్యేలోపే నాంచారమ్మకు అర్థమైంది. ఆమె నవ్వింది. ఎప్పుడూ రేవులో నవ్వే నవ్వే.

"అంటె గీయన సర్కారుకు మర్యాద జేసిండు. పెండ్లానికి జేయలే."

గంగయ్య నవ్వలేదు. దారం కొరికి తెంపకుండానే వల కింద పెట్టి లేచి లోపలికి పోయాడు. చాలాసేపు రాలేదు. చాయ్ పెడుతున్నాడేమో అనుకున్నాను. నాంచారమ్మ కూడా అలాగే అనుకున్నట్టుంది, తలుపు వైపే చూస్తూ ఉంది. ఆయన వచ్చినప్పుడు చేతిలో చాయ్ లేదు. పడవ కట్టే మోకు మొత్తం చుట్ట చుట్టి భుజాన వేసుకుని ఉన్నాడు. మాతో ఏమీ అనకుండా గోదారి వైపు పోయాడు. నేను ఆమెను ఖమ్మం దవాఖానాకు రేపే తీసుకుపోదామని అడిగాను. పున్నం చూసి పోతా అంది. ఎంత చెప్పినా వినలేదు.

మర్నాడు పౌర్ణమికి ముందురోజు. తెల్లారి నేను రేవుకు వెళ్లేసరికి ఆడవాళ్లు దీపాలు, దొప్పలు పట్టుకుని పై మెట్ల మీద గుంపుగా నిలబడి ఉన్నారు. కింది మెట్లకు అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొసకు, గంగయ్య పడవ కట్టేసి ఉంది. రెండు వైపులా ఇనుప గుంజలకు మోకు అంత బిగువుగా ముడులు వేశాడు, గొడ్డలి తప్ప ఇంకేదీ పనికొచ్చేలా లేదు. పడవ దాటి నీళ్లలోకి దిగడానికి దారి లేదు. గంగయ్య పడవలో కూర్చుని బీడీ తాగుతున్నాడు. జనం తిడుతున్నారు. ఆయన వినిపించుకోవడం లేదు.

ఎవరో కబురు చేస్తే వెంకటరామారావు గారు వచ్చారు. మెట్లు దిగి పడవ దాకా వెళ్లారు.

"ఏంటి గంగయ్యా ఇది?"

"పడవ ఖరాబైంది అయ్యా. కదుల్తలేదు."

"ఎప్పటికి బాగవుద్ది?"

"పున్నం దాటినంక."

వెంకటరామారావు గారు పడవను చూశారు. దాని మీదుగా వాగు నోటి వైపు చూశారు. బ్లీచింగ్ చల్లిన చోట తెల్లగా ఉంది, దాని కింద నుంచి నల్లటి నీళ్లు వస్తూనే ఉన్నాయి. మెట్లెక్కి నా దగ్గరికి వచ్చి, "స్నానాలు పైగడ్డ మీద అని మైకులో చెప్పించమ్మా. కమిటీ చెప్పిందని చెప్పు" అన్నారు. ఆయన ముఖంలో ఓడిపోయినట్టు ఏమీ లేదు. చలిలో వచ్చిన ముసలాయన ఇంటికి పోవాలనుకున్నట్టు ఉంది.

ఆ రోజంతా పని. తడకల గదులు విప్పి మోసుకెళ్లి మళ్లీ కట్టాం. లైట్ల వైరు చాలకపోతే భద్రాచలం నుంచి తెప్పించాం. గంగయ్య ఇంకొకరి పడవ అడిగి తెచ్చుకుని గడతో అడుగంతా తడిమి చూశాడు. గుంతలు ఉన్న వైపు ముళ్లకంప వేయించాడు. మంచి చోట వెదురు గుంజలు పాతి, ఒకదాని నుంచి ఒకదానికి నడుము ఎత్తున మోకు కట్టాడు. ఎవరి చెయ్యీ లేకుండా ఆ మోకు పట్టుకుని దిగి, మునిగి, ఎక్కొచ్చు. కట్టాక తానే పట్టుకుని మూడుసార్లు మునిగి చూశాడు.

పౌర్ణమి పొద్దున నాంచారమ్మ ఆటోలో వచ్చింది. దిగి, మామూలుగానే నీళ్ల వైపు నడిచింది. గంగయ్య అడ్డం వచ్చాడు. ఆయన ఆమెను ఏదైనా వద్దనడం నేను చూడలేదు, ఊళ్లో ఎవరూ చూడలేదట. ఆమె వెనక్కి వచ్చి గులకరాళ్ల మీద సంచి పరుచుకుని కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఏం చేయాలో తెలియనట్టు ఉంది. మొదటి ముసలామె మోకు పట్టుకుని తడబడుతుంటే ఇక ఆగలేకపోయింది. "మోకు సచ్చిపోదు గని, గట్టిగ పట్టు" అని అరిచింది. అక్కడి నుంచి ఎండెక్కేదాకా ఆమె నోరు మూతపడలేదు. ఆ పౌర్ణమికి ఎవరూ జారలేదు.

మర్నాడు ఆమెను ఖమ్మం తీసుకుపోయాం. కారు వెంకటరామారావు గారు ఇచ్చారు. దవాఖానాలో డాక్టరు కవరు విప్పి, ఇన్ని రోజులు ఏం చేస్తున్నారని మమ్మల్ని అడిగాడు. మోకాలి కింద దాకా కాలు తీసేశారు. పుండు రేవు నీళ్ల వల్లే ముదిరిందని కాగితంలో రాయలేదు, షుగరు అని రాశారు. రెండూ నిజమే కావచ్చు. నేను డాక్టర్ని కాదు, అంతకంటే చెప్పలేను. గంగయ్య దవాఖానా వరండాలో నా పక్కన కూర్చుని, "గా సీస నువ్వు పారబోసినప్పుడు నాకు మస్తు కోపమొచ్చింది బిడ్డా" అన్నాడు.

వాళ్లు ఖమ్మంలో ఉండగానే ఎవరో ముడులు కోసి పడవను పక్కకు జరిపారు. వచ్చిన సోమవారానికే జనం మళ్లీ మెట్ల మీదికి వచ్చారు. మెట్లు దగ్గర, నున్నన, పక్కనే చాయ్ దుకాణం. పైగడ్డ దూరం. మెట్ల దగ్గర ఎర్ర అక్షరాలతో బోర్డు పెట్టించాను. దాని మీద తడి చీరలు ఆరేస్తున్నారు. రోజూ తీయిస్తాను, రోజూ ఆరేస్తారు.

వాగు నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు కోసం ప్రతిపాదన రాసి పంపాను. అంచనా వేయడానికి మనిషి వస్తాడన్నారు, ఇంకా రాలేదు. నేనున్న ఇంటి ఓనరును బతిమాలి ఇంకుడు గుంత తవ్వించాను. కొన్ని ఇళ్లవాళ్లు తవ్వుకున్నారు, చాలామంది తవ్వుకోలేదు. ఎండాకాలం రానీ అని వెంకటరామారావు గారు అన్నారు. ఇప్పుడు నెల నెలా శాంపిల్ మెట్ల దగ్గరే పడుతున్నాం. నెల నెలా పనికిరావనే వస్తోంది. ఫైల్లో ఆ కాగితాలు పాత కాగితాల మీద పెడుతున్నాను. సీసా నింపేది మళ్లీ గంగయ్యే. నేను చెప్పకుండానే వచ్చి తీసుకుంటాడు. కింది మెట్టు మీద మోకాలి లోతులో నిలబడి, ముఖం పక్కకు తిప్పుకుని ముంచుతాడు. కళ్లకు అద్దుకోడు. నింపి ఇచ్చాక పడవెక్కి నడి గోదారికి పోయి చేతులు కడుక్కుని వస్తాడు.

నాంచారమ్మ ఇంట్లోనే ఉంటుంది. కర్ర కాలు వస్తుందన్నారు, కొలతలు తీసుకుపోయారు. ఆ దారిన నేను పోయినప్పుడల్లా పిలుస్తుంది. రేవు ఎట్లుందని అడగదు. "మోకు ఉన్నదా, కోసుకపోయిన్రా?" అని అడుగుతుంది. ఉందని చెబుతాను. నీళ్లకు నానిపోతే గంగయ్య కొత్తది కడుతున్నాడు. మోకు మాట్లాడదు కదా, ముసల్దాండ్లు భయపడతరేమో అని ఒకసారి అంది.

మీరు ఎప్పుడైనా ఇప్పలరేవుకు స్నానానికి వస్తే, బస్సు దిగగానే ఎదురుగా కనిపించే మెట్లు దిగకండి. కొంచెం దూరమైనా ఎగువకు నడిచి పైగడ్డకు వెళ్లండి. అక్కడ నీళ్లలో వెదురు గుంజలకు కట్టిన మోకు ఉంటుంది. దాన్ని గట్టిగా పట్టుకుని మునగండి. మునిగి లేచాక, ఆ మోకు ఉన్న చోట నిలబడి మీకు చెయ్యి అందించాల్సిన నాంచారమ్మను ఒకసారి గుర్తు చేసుకోండి.